చీజ్ జావలో బలం ఎంత?

నా భార్య సుగుణ చివరి రోజున పొద్దున్నే ఆసుపత్రికి క్యారేజీలో మొక్కజొన్న రవ్వ జావ తీసుకెళ్లాను. చీజ్ కరిగించి చేసే ఆ జావను తను నర్సుగా పనిచేసిన వార్డులోని అమెరికన్ నర్సు దగ్గర నేర్చుకుంది. వాళ్లు గ్రిట్స్ అంటారట. అప్పటికి సుగుణ ఏమీ తినడం లేదు. అది మాత్రం కొంచెం తిని, "ఉప్పు తగ్గింది" అంది. సాయంత్రానికి వెళ్లిపోయింది. అప్పటినుంచి నా పొద్దుటి తిండి అదే.

ఈ రోజు సుగుణ స్నేహితురాలు రూతు, తనూ ఇక్కడ రియాద్‌లో నర్సే, ఓట్స్ డబ్బాతో వచ్చింది. నా బీపీ చూసి మొదలుపెట్టింది.

"అందులో బలం ఏవుందన్నయ్యా? పిండీ, కొవ్వూనూ. పీచన్నదే లేదు. అక్కుంటే తిననిచ్చేదా?"

"మీ అక్కే కదమ్మా నేర్పింది."

"పోనీ చీజన్నా మానెయ్యండి."

"చీజ్‌లో కాల్షియం ఉందిగా."

"ఉప్పు కూడా ఉంది."

రూతు చెప్పింది నిజమే. ప్యాకెట్ వెనక రాసింది నేనూ చదవగలను. కానీ ఆ రోజు సుగుణ నోరు తెరిచింది దానికే. అంతకు మించిన బలం ఓట్స్‌లో ఉందని తెలిసినవాళ్లుంటే కింద రాయండి.

డబ్బా మా బిల్డింగ్ వాచ్‌మన్‌కి ఇచ్చేశాను. రేపు పొద్దున మళ్లీ ఆ జావే వండుకుంటాను. ఉప్పు తగ్గనివ్వను.