లోపలోడి మాట

జంపక్క కడుపుతో ఉన్న మనిషితో మాట్లాడదు, ఆ కడుపుతో మాట్లాడుతుంది. పాల్వంచ దాటి అడవిలోకి మళ్లే మా సబ్‌సెంటర్ ఊళ్లలో నలభై ఏళ్లుగా కాన్పులు చేస్తున్న మంత్రసాని ఆమె. 2003లో నేను నర్సమ్మగా ఆ ఊళ్లో దిగిన రోజే చూశాను. బిందెతో ఎదురొచ్చిన ఒకామె ముఖం కేసైనా చూడకుండా వంగి, పొట్ట దగ్గర, "ఏం రా తునికిపండూ, బాగున్నవా?" అని పలకరించింది. పిచ్చిదనుకున్నాను. నేను సర్టిఫికెట్ ఉన్నదాన్ని కదా!

తునికిపండంటే మూడో నెలని తర్వాత తెలిసింది. ఆమె లెక్కలో మొదటి నెల నువ్వుగింజ, రెండో నెల రేగుపండు, నాలుగో నెల మారేడుకాయ. అయిదో నెల నుంచి కాయల పేర్లు ఆపేసి 'లోపలోడు' అనేది. "తన్నేటోన్ని పట్టుకొని కాయంటే బాగుంటదా సిస్టరమ్మా?" అనేది.

ప్రతి నెలా వచ్చి నాకు లెక్క ఒప్పజెప్పేది. "రాసుకో. ఎర్రమ్మ వదిన కోడలు వనజకు రేగుపండు." నేను రెండో నెలని రాసుకోవాలి. ఒకసారి పరధ్యానంలో రిజిస్టరులో 'రేగుపండు' అనే రాసి సంతకం పెట్టేశాను. ఇది ఏ జబ్బో వెంటనే తెలపాలని పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది.

మధ్యాహ్నాలు కడుపుతో ఉన్నవాళ్లంతా సబ్‌సెంటర్ అరుగు మీద చేరేవాళ్లు. జంపక్క లోపలి సంగతులు చెప్పేది.

"లోపల మడుగున్నది. అల లేదు, ఒడ్డు లేదు. రేగుపండంత కాకముందే గుండె మొదలైతది, టకటకమని, పిట్ట గుండె లెక్క. తునికిపండప్పుడు వేళ్లకు గోర్లొస్తయి. ఆడ గీకేతందుకు ఏమున్నదో ఏమో! ఆరో నెలల మన మాటలు ఇంటడు. ఏడో నెలల కండ్లు తెరుస్తడు. గిట్ల ఎండకు కూసున్నవనుకో, లోపల మోదుగుపూల రంగు వెలుగొస్తది. దాన్నే చూసుకుంట, బొటనేలు చీక్కుంట మల్ల పండుకుంటడు. ఏం కల కంటడో మనకు చెప్పడు."

వింటూ వింటూ అందరి కళ్లూ మూతలు పడేవి. నిజం చెప్పొద్దూ, పెళ్లి కాని నా చెయ్యి కూడా ఊరికే పొట్ట మీదికి పోయేది. నా పుస్తకంలో ఉన్నదీ ఇంచుమించు అదే. కానీ పుస్తకం చదివినప్పుడు నాకెప్పుడూ అలా మత్తుగా అనిపించలేదు.

అయితే ఈ లోపలోళ్లకు అన్నీ గొంతెమ్మ కోరికలే. అందరిలోకీ వనజ కడుపులోవాడు మరీ పెంకెవాడు. వనజకు అంతకుముందు రెండుసార్లు కడుపు పోయింది. ఇది మూడోది. అత్త ఎర్రమ్మ ఎదుట నోరు విప్పే రకం కాదు. జంపక్క వెళ్లి పొట్టకు చెవి ఆనించేది.

"ఎర్రమ్మ వదినా, గుడ్డు కావాల్నట."

"ఎవరికే?"

"లోపలోనికి."

ఎర్రమ్మ పరుగున వెళ్లి గుడ్డు ఉడకబెట్టేది. మరో రోజు, "కట్టెల మోపు ఎత్తితే ఊపిరాడుతలేదంటున్నడు" అనేది. మోపు వనజ మొగుడు వీరబాబు నెత్తికెక్కేది. ఇంకో రోజు, "మా నాయన తాగొస్తే వాసనకు వాంతొస్తున్నదన్నడు" అని వీరబాబు ఎదుటే చెప్పింది. ఆ నెలంతా వీరబాబు జంపక్క కనబడితే పక్క దారి పట్టాడు. ఎర్రమ్మ మాత్రం, "ఇంత గడుసోడు మా ఇంటావంటా లేడు" అని మురిసిపోయేది.

తొమ్మిదో నెలలో ఒక రోజు జంపక్క వనజ పొట్ట మీద రెండు చేతులూ పెట్టింది. చేతులు అటూ ఇటూ జరిగి ఆగిపోయాయి. మళ్లీ మొదటి నుంచి తడిమి చూసింది. పక్కనే ఉన్న నాకు భయమేసింది. చాలాసేపటికి చెవి ఆనించి, "ఏందీ? నా చెయ్యి వద్దా? జీపా?" అంది.

"ఏమంటున్నడే?" ఎర్రమ్మ ముందుకొచ్చింది.

"అలిగిండు వదినా. భద్రాచలం దవాఖానల పుడ్తడట. జల్దీ జీపెక్కిస్తేనే వస్తడట."

ఆ మాటే నేను మూడు నెలలుగా చెబుతుంటే, "మేమందరం ఇంట్లనే పుట్టినం, ఆడ కత్తులు పెడ్తరు" అని తలుపేసిన మనిషి ఎర్రమ్మ. ఇప్పుడు నిమిషంలో కొడుకును జీపు కోసం తరిమింది. నాకు ఒళ్లు మండింది.

దారంతా జంపక్క వనజ తల ఒళ్లో పెట్టుకుని, గుంతల్లో జీపు ఎగిరినప్పుడల్లా, "మడుగుల తెప్ప ఊగుతున్నదనుకుంటున్నడు, నవ్వుతున్నడు" అని చెబుతూనే ఉంది. వనజ అలాగే నిద్రపోయింది. అప్పుడు నా చెవిలో అంది.

"అడ్డం తిరిగున్నది సిస్టరమ్మా. నా చేతులతోని అయ్యేది కాదు. గా మాటంటే ఈ పిల్ల బెదిరి సస్తది. వదిన దేవరకు మొక్కుకుంట ఇంట్లనే కూసుంటది."

"మరి ఆ గుడ్లూ, కట్టెల మోపూ?"

"కోడలు అడిగితే వగలంటరు. లోపలోడు అడిగితే ఇంటరు."

మాట్లాడలేని కోడళ్ల మాటలన్నీ ఇన్నేళ్లుగా ఈమె పొట్టల మీద పెట్టి చెబుతోందన్నమాట. నా సర్టిఫికెట్ తలుచుకుని సిగ్గుపడ్డాను.

ఆపరేషన్ అయింది. తల్లీ బిడ్డా క్షేమం. ఎర్రమ్మ బిడ్డను అందుకుని బట్ట తొలగించి చూసింది.

"లోపలోడు, లోపలోడంటివి. ఇది పిల్ల గదనే!"

"నీళ్లల్ల గొంతు గదా వదినా, పోల్చలేకపోయిన."

మూడో రోజు పొద్దున వనజ మంచం మీద లేచి కూర్చుని అటూ ఇటూ చూసింది. జంపక్క గోడకు ఆనుకుని, కావాలనే కళ్లు మూసుకుంది. ఇక వనజే నోరు విప్పింది.

"అత్తా, ఆకలైతుంది."

ఎర్రమ్మ అలవాటుగా కోడలి పొట్ట వైపు చూసి బిత్తరపోయింది. "ఇప్పుడు లోపల ఎవరున్నరే?"

"నేనున్న అత్తా."

ఎర్రమ్మ ఈసారి కోడలి ముఖంలోకి చూసింది. తర్వాత కొంగు నడుముకు దోపుకుని, "ఇడ్లీ తింటవా, ఉప్మా తింటవా?" అని అడిగింది.

"రెండూ," అంది వనజ.