భుజం కొలతలో రెండో గడి

మొన్న మంగళవారం కుడి భుజం పట్టేస్తే బీరంగూడలో మా ఇంటి దగ్గరి ఫిజియోథెరపీ క్లినిక్‌కు వెళ్లాను. అక్కడి అమ్మాయి నా చేయి తన చేత్తో పైకి లేపి, కోణం కొలిచే స్కేలు పెట్టి, నూట నలభై డిగ్రీలని ట్యాబ్‌లో ఒకే ఒక్క గడి నింపింది. అప్పటినుంచి నాకు కుదురు లేదు. ముప్పై నాలుగేళ్లు ఫిజియోథెరపిస్టుగా ఆ పనే చేసినదాన్ని. ఒక్క గడితో సరిపెట్టే ఆ తప్పు ఒకప్పుడు నాదే.

మా తరంవాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో మమ్మల్ని మాలిష్ చేసేవాళ్లనే అనేవారు. మా సంతకానికి విలువ రావాలని పటాన్‌చెరు, సంగారెడ్డి చుట్టుపక్కల ఫిజియోథెరపిస్టులం పదకొండు మందిమి సంఘం పెట్టుకుని, ప్రతి రెండో ఆదివారం సరిగ్గా పదింటికి ఇస్నాపూర్‌లో మా సంఘం పెద్దాయన క్లినిక్ వరండాలో కూర్చునేవాళ్లం. హాజరు పుస్తకం నాది.

లెటర్‌హెడ్ అచ్చయి వచ్చిన వారమే అది జరిగింది. పాశమైలారంలో డ్రమ్ములెత్తే ఒకాయన భుజం జారి, నా దగ్గరికి ఇరవై ఆరు రోజులు వచ్చాడు. ఆఖరి రోజు అతని చేయి నేను లేపి చూసి నూట యాభై అని రాసిచ్చానే గాని, తనంతట తాను ఎంత లేపగలడో చూడలేదు. ఆ కాగితం చూసి ఫ్యాక్టరీవాళ్లు అతన్ని మళ్లీ డ్రమ్ముల దగ్గరే నిలబెట్టారు, ఎత్తలేకపోతే నటిస్తున్నాడన్నారు, శనివారంలోగా ఎత్తకుంటే ఇక రావద్దన్నారు.

గురువారం అతని భార్య వచ్చింది.

"మీరు కాగితం మీద లేపిన్రు మేడమ్, ఆయనకైతే లేస్తలేదు. గిప్పుడు మా ఆయన దొంగైండు."

అతన్ని పిలిపించి కొలిచాను. తనంతట తాను లేపితే అరవై ఐదు.

ఆదివారం దాకా ఆగకుండా శుక్రవారమే సంఘం కూర్చుంది. పేరు నిలబడకముందే తప్పు ఒప్పుకుంటే మళ్లీ మాలిష్‌వాళ్లమే అవుతామని ఒకాయన గట్టిగా అడ్డుపడ్డాడు.

"గట్లనా? అయితే రేపు గా డ్రమ్ములు నువ్వు ఎత్తిరాపో" అని పెద్దాయన కొత్త లెటర్‌హెడ్ నా ముందుకు తోశాడు.

అలా మా సంఘం రాసిన మొదటి ఉత్తరం నా తప్పు ఒప్పుకోలే అయింది. కింద పదకొండు సంతకాలు, అడ్డుపడినాయనదీ కలిపి. శనివారం పొద్దున్నే ఫ్యాక్టరీ గేటు దగ్గర నా చేత్తో ఇచ్చాను. అతన్ని లేబుళ్లు అంటించే పనికి మార్చారు. ఆ రోజునుంచి మా కాగితాలన్నిటి మీదా రెండు గడులు: మేము లేపితే ఎంత, తానుగా లేపితే ఎంత.

ఇప్పుడు సంఘానికి సొంత హాలుంది, మమ్మల్ని మాలిష్‌వాళ్లని ఎవరూ అనరు, మా సంతకాన్ని అనుమానించేవాళ్లూ లేరు. కాగితాల్లోంచి రెండో గడి ఎప్పుడు పోయిందో సంఘం పాత పుస్తకాలన్నీ వెతికాను, దొరకలేదు. అద్దం ముందు నిలబడి నా చేయి నేనే లేపి కొలుచుకున్నాను. ఎనభై ఎనిమిది. ఆ అంకె ఎక్కడ రాయించను?