షొకొలా మందు

నా చిన్నప్పుడు మా ఊళ్ల షొకొలా అంటే మందు. నవ్వుతరా, నవ్వుర్రి. ఇప్పుడు గా మాట ఏడ జూసినా కనబడుతది. బీరంగూడ రోడ్డు మీద కేకుల దుకాణానికి అదే పేరు. మా మనుమరాలి లిప్‌స్టిక్ రంగు అదే, మా అల్లుడు కొన్న కారు రంగు అదే. మొఖానికి రాసుకునే క్రీము డబ్బా మీద అదే. పెండ్లికి పట్టుచీర తీయవోతే దుకాణపాయన గూడ రంగు పేరు అదే చెప్పిండు. దాని మీద పాటలున్నయట, సినిమాలున్నయట. మొన్న మనుమరాలు నన్ను పక్కన కూసోబెట్టుకోని, అమ్మమ్మా, అది ఫ్రెంచోళ్ల మాట, చాక్లెట్‌ను వాళ్లు గట్లంటరు అని నేర్పవట్టింది. ఓసి పిల్లా, మీ అమ్మ పుట్టకముందే నాకొచ్చు గా మాట అని మనసుల అనుకున్న. గా మాట చెవిల పడితే నాకు మా పాత వాకిలి యాదికొస్తది.

మాది చిట్కుల్. అప్పటికి ఊరి చుట్టు జొన్న చేన్లే ఎక్కువ. ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే లేస్తున్నయి. మా ఇంటి ముందటి అర్రలు కిరాయికి ఇచ్చినం. అందుల కోస్తా దిక్కు నుంచి వచ్చిన ఆలుమగలు ఉండిరి. ఆయనది ఫ్యాక్టరీల మిషన్లు బిగించే పని. ఆమెను నేను అక్కా అని పిలుస్తుంటి. సన్నగ, చామనచాయగ ఉండేది. చిన్నపిల్లనైన నన్ను గూడ 'ఏమండీ పాపగారూ' అని పిలిచి ఆటపట్టిస్తుండె. మా అమ్మకు ఆ అండీలు సమజ్ కాక, ఏందో నాటకంల లెక్క మాట్లాడుతదని నవ్వేది.

ఆ ఏడే మా చిన్నత్త పోయింది. మా నాయనమ్మకు ఆఖరి బిడ్డ. కాన్పుల పోయింది, కడుపుల పిల్ల గూడ దక్కలే. నాయనమ్మ ఏడ్చిందంటే ఏడ్వలే. తిండి బందు పెట్టింది. ముందుగాల, నా బిడ్డ తినని తీపి నాకొద్దు అన్నది. ఎనుక అన్నం గూడ వద్దన్నది. మా బాపు మంచం కాడ కూసోని, "అవ్వా, నా మీద ఒట్టు, మందన్న ఏసుకోవే" అని చేతులు పట్టుకున్నడు. ఒట్టు తప్పే మనిషి కాదామె. డాక్టర్ ఇచ్చిన గోలీలు నీళ్లతోని మింగేది, అన్నం గిన్నె మాత్రం గోడ దిక్కు నూకేది. చూస్తుండంగనే ఎండిపోయి మంచంల కలిసిపోయింది. ఈమె గూడ బిడ్డెనుకనే పోతదని ఇంట్ల అందరికి భయం పట్టింది.

అక్క వాకిట్ల ముగ్గేసుకుంట ఇదంతా చూస్తనే ఉన్నది. ఒకనాడు పొద్దుగాల ఒక రేకు డబ్బా కొంగు కింద దాచుకోని మా ఇంట్లకు వచ్చింది. ఫ్యాక్టరీల మిషన్లు పెట్టనీకె ఫ్రెంచి దేశమాయన ఒకాయన వచ్చి కొన్ని నెలలు ఉండెనట. అక్క వాళ్లాయన ఆయనకు టిఫిన్ డబ్బల పప్పన్నం పట్టుకపోతుండెనట. ఆయన వాళ్ల దేశం పోతప్పుడు ఇచ్చిపోయిన డబ్బా అది. మూత మీద బంగారు రంగు అక్షరాలు, లోపల నల్లటి పలకలు. అక్క దాన్ని విప్పి ఒక్కటన్న తినలే, పండుగకు దాచుకున్నది.

గా దినాలల్ల మాకు చాక్లెట్ అంటే దుకాణంల సీసాల ఉండే చక్కెర బిళ్ల. ఆ మాట అంటే నాయనమ్మ డబ్బానే ఇసిరికొడుతుండె. అక్కకు అది ఎరుకే. అందుకని ఫ్రెంచాయన పలికినట్టే పలికింది. "మామ్మగారూ, ఇది షొకొలా అనే మందండి. దూరదేశం నుంచి వచ్చింది. కాకపోతే పరగడుపున వేసుకుంటే కడుపులో మంట పుడుతుంది. ముందు రెండు ముద్దలు తినాలి." అక్క మొఖంల నవ్వు లేదు, బెదురు లేదు. నాయనమ్మ ఆమె దిక్కు చాలాసేపు చూసింది. బాపు మీద ఒట్టు ఉండె గద, పెరుగన్నం రెండు ముద్దలు అక్క చేత్తోనే తిన్నది. ఎనుక ఆ నల్ల ముక్క నోట్లె పెట్టించుకోని కండ్లు మూసుకున్నది. మా అమ్మ అర్ర లోపలికి పోయి కొంగు నోట్లె కుక్కుకోని ఏడ్చింది.

ఇగ దినాం గదే. రెండు ముద్దలు నాలుగైనయి, పెరుగన్నం ఎనుక పప్పన్నం వచ్చింది. నాకేమో నోట్లె నీళ్లూరి పానం పోయేది. అక్క నాకు ముక్క ఇయ్యలే, డబ్బా వాసన మాత్రం చూడనిచ్చేది. మందు పిల్లలు తినొద్దు పాపగారూ అని కన్నుగొట్టేది. మాట ఊరంత పాకింది. పక్కింటి ముసలామె మోకాళ్ల నొప్పులకు జెర షొకొలా ఇయ్యమని గిన్నె పట్టుకోని వచ్చింది. పోరగాండ్లు కబడ్డీ కూతల గూడ షొకొలా షొకొలా అనవట్టిరి. మా బర్రెకు నల్లటి దుడ్డె పుడితే నేనే దానికి ఆ పేరు పెట్టిన. ఒక్క డబ్బా మాట ఊరిని అంత నవ్విచ్చింది.

డబ్బా అయిపోయే సరికి నాయనమ్మ లేసి వాకిట్ల కూసుంటున్నది. ఒకనాడు నాకు తల దువ్వుకుంట తానే అన్నది. "అది మందు కాదని నాకు తెల్వదా బిడ్డా? మందు ఏడనన్న తియ్యగుంటదా?"

"మరెందుకు తిన్నవ్ నాయనమ్మా?"

"చెయ్యి నోటిదాక వచ్చింది. మీ చిన్నత్త గూడ గట్లనే కలిపి పెడుతుండె. గా చెయ్యిని ఎట్ల కాదంటనే?"

గా దినాలల్లనే ఎదురింటోళ్లు వాళ్ల బిడ్డకు ఒడిబియ్యం పోసిన్రు. మా దిక్కు పెండ్లయిన ఆడబిడ్డకు పుట్టింటోళ్లు పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, రవికె గుడ్డ ఒడిల పోస్తరు. నీకు ఇంకొక ఇల్లున్నది బిడ్డా అని చెప్పుడన్నట్టు. అక్క గడప కాడ నిలబడి రెప్ప కొట్టకుంట చూసింది. నీకు మీ అమ్మగారింట్ల పొయ్యరా అని మా అమ్మ అడిగితే, "పోయడానికి మా అమ్మ ఉంటే కదండీ" అని నవ్వి లోపలికి పోయింది. చిన్నప్పుడే తల్లి పోయిందట. నాయనమ్మ అది విన్నది. ఆ మాపటికే మా అమ్మను పిలిచి, గా పొల్లకు మనింట్ల ఒడిబియ్యం పొయ్యాలె అన్నది.

నాయనమ్మ తాను పొయ్యరాదు. తాతయ్య ఎప్పుడో పోయిండు, ముత్తైదువ కాదు. పోస్తే మా అమ్మ బాపులే పొయ్యాలె. వాళ్లు వద్దనలే. చిన్నత్త పోయి ఏడాది తిరగలే, సావు ఇంట్ల శుభకార్యం చేస్తే ఆ పిల్లకే కీడు తగులుతదేమో, ఏడాది కానీ అన్నరు. అన్నదాంట్ల తప్పేం లేదు. ఎవ్వలైనా గదే అంటరు. నాయనమ్మ గూడ తలూపింది.

ఏడాది ఇంకా తిరగలే, అక్క వాళ్లాయనను వేరే రాష్ట్రంల ఫ్యాక్టరీకి మార్చిన్రు. జల్దీ జల్దీ సామాన్లు కట్టిన్రు. లారీ ఇంటి ముందు ఆగి ఉండంగ నాయనమ్మ చాటల బియ్యం పోసుకోని పసుపు కలపవట్టింది. మా అమ్మ ఉరికొచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నది. "అత్తమ్మా, కొన్ని దినాలే గద. ఏడాది కాంగనె పిలుద్దం. మంచిగ చీర పెట్టి పోద్దం" అని బతిమాలింది. నాయనమ్మ అక్క దిక్కు చూసింది. అక్క చాట దిక్కు చూసింది. "తప్పకుండా వస్తానండి మామ్మగారూ" అని కాళ్లు మొక్కి లారీ ఎక్కింది. ఒడిల టిఫిన్ డబ్బా పెట్టుకోని కూసున్నది. నేను లారీ ఎనుక బాయి దాక ఉరికిన.

ఏడాది తిరిగింది. రవికె గుడ్డ తెచ్చిన్రు, కుడుకలు తెచ్చిన్రు. బాపు ఫ్యాక్టరీకి పోయి అడిగితే ఆ ఊరి పేరు చెప్పిన్రు. జాబు రాపిస్తే జవాబు రాలే. ఇంకోసారి మనిషితోని చెప్పంపితే వాళ్లు ఆడినుంచి గూడ పోయిన్రన్నరు. నాయనమ్మ కలిపి పెట్టిన బియ్యానికి పురుగు పట్టింది. కోళ్లకు ఏసి మళ్లా కలిపింది. మళ్లా పట్టింది. పోయేముందు ఆమెకు ఎవ్వరం గుర్తు లేకుంటిమి. వాకిట్ల చప్పుడైతే మాత్రం, వచ్చిందా అనేది. మా అమ్మ గూడ ముసలిదైనంక అన్నం కాడ కూసోని ఉత్తగనే, "గా పూట పోస్తే ఏం పోతుండెనే" అని నన్ను అడుగుతుండె.

నాకు ఇల్లరికం తెచ్చిన్రు, పెండ్లయినంక గూడ ఈ ఇంట్లనే ఉన్న. ఇప్పుడు ఆ అర్రల మీద ఇంకొక అంతస్తు లేసింది. నిరుడు ఒడిశా పిల్ల ఒకామె మొగనితోని కిరాయికి ఉండె. సుల్తాన్‌పూర్ దిక్కు సూదులు, సెలైన్ పైపులు చేసే ఫ్యాక్టరీల పని. నాకు జ్వరమొస్తే డ్యూటీ దిగి వచ్చి కాళ్లొత్తేది. పని దొరికిందని సూరత్ పోతున్నం అమ్మా అన్నది. ఆ మాపటికే బియ్యంల పసుపు కలిపిన. నా బిడ్డ ఫోన్ల, "అమ్మా, నాయిన పోయిండు, నువ్వు పొయ్యొద్దు, ముత్తైదువను ఎవలనన్న పిలువు, మంచిరోజు చూసుకో" అని ఒకటే పోరు. ఫోన్ పక్కన పెట్టి పోసిన. ఆ పిల్ల కొంగు పట్టుకోని పరేషాన్ అయి, "ఆజ్ ఏం పండుగ అమ్మా?" అని అడిగింది. "ఏం పండుగ లేదు బిడ్డా. నువ్వు ఇంకా పోలేదు, గదే పండుగ" అన్న.

అప్పటిసంది నా బతుకుల మంచిరోజు చూసుడు బందువెట్టిన. ఎవ్వలకన్న ఏమన్న పెట్టబుద్ధయితే గా పూటనే పెడుత. మంచి అలవాటే అంటరు అందరు. నాకు మాత్రం సంబురం లేదు. గా అక్క లారీ ఎక్కేనాడు మా ఇంట్ల అందరం ఉంటిమి. చాటల బియ్యముండె, పొయ్యనీకె చేతులుండె. ఎవ్వరం పొయ్యలే.