ఆలస్యమైన ఆమెన్

రష్యా ట్యాంకులు ఉక్రెయిన్‌లోకి వెళ్లిన ఏడాది నా ప్రార్థనలకు మంచి పేరు వచ్చింది. బాపట్లలో శుక్రవారం ఉపవాస కూడికలోనూ, రేపల్లెలో బుధవారం కూడికలోనూ దేశాల కోసం ప్రార్థించే వంతు నాదే. నోరు తిరగని ఊళ్ల పేర్లు కాగితం మీద రాసుకుని వెళ్లేవాడిని. “ప్రభువా, బాంబులు వేసే చేతులు విరగ్గొట్టు” అని కన్నీళ్లతో అడిగేవాడిని. ఎవరి చేతులో తెలియక ప్రభువు ఇబ్బంది పడకుండా దేశం పేరు కూడా స్పష్టంగా చెప్పేవాడిని.

రేపల్లె వెళ్లాలంటే తెనాలిలో రైలు మారాలి. స్టేషన్ బయట టిఫిన్ హోటల్లో మా అక్క భర్త నా కోసం కూర్చునేవాడు. రిటైరైన లెక్కల మాస్టారు. దేవుణ్ణి నమ్మడు, ఎర్రజెండాను నమ్ముతాడు.

“రష్యాను అక్కడిదాకా నెట్టిందెవరు? ముందు అది చెప్పు” అనేవాడు.

“పసిపిల్లలు చచ్చిపోతున్నారు బావా.”

“చరిత్ర పెద్దది బావమరిదీ. ఇడ్లీ చల్లారుతోంది, తిను.”

తర్వాత అమెరికా విమానాలు ఇంకో దేశం మీద బాంబులు వేయడానికి బయల్దేరాయి. ఆ బుధవారం మా బావ ఇడ్లీ ముట్టలేదు. పసిపిల్లలు చచ్చిపోతున్నారని బల్ల మీద గుద్దాడు. చరిత్ర పెద్దది బావా అని నేను ఓదార్చాను. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న హోటలాయన మా ఇద్దరినీ కాసేపు చూసి, “మీ మాట ఆయనా, ఆయన మాట మీరూ అంటున్నారేంటండి ఇవాళ?” అన్నాడు. అతనికి రాజకీయాలు తెలియవని మేమిద్దరం ఏకగ్రీవంగా తీర్మానించాం. మేం ఏకీభవించింది ఆ ఒక్క విషయంలోనే.

ఆ యుద్ధం నా ప్రార్థనలో “నీ చిత్తం ప్రభువా” దగ్గరే ఆగిపోయేది. దానికి నా దగ్గర ఆధారం ఉంది. వీడియోలు చూసి అంత్యదినాల పటం ఒకటి చార్టు మీద గీసుకున్నాను. అందులో రష్యాకు దుష్టుల గడిలో చోటు దొరికింది. అమెరికాకు గడే లేదు. గడి లేని దేశం పాపం ఎలా చేస్తుంది?

సూర్యలంక దగ్గర పల్లెలో చేపలు ఎండబెట్టి అమ్ముకునే ఒకామె మా బాపట్ల కూడికకు వస్తుంది. ఆమె భర్త సరుకుల ఓడలో వంటవాడు. అమెరికా బాంబులు పడుతున్న ఒక రేవులో ఆ ఓడ చిక్కుకుపోయింది. నాలుగు రోజులుగా అతని దగ్గర్నుంచి ఫోను లేదు. ఆ శుక్రవారం ఆమె ప్రార్థన చేయించమని అడిగింది.

మా కూడికలో ఒక అలవాటు ఉంది. ప్రార్థన ఎవరు అడిగితే వాళ్లే ముందు ఆమెన్ అనాలి. అప్పటిదాకా మోకాళ్ల మీద నుంచి ఎవరూ లేవరు.

ప్రయాణాల్లో ఉన్నవారిని కాపాడమని, సముద్రాన్ని శాంతపరచమని ప్రార్థించాను. ఓడ మీద పడేది బాంబు కాదు, తుపాను అన్నట్టు. ముగించి ఆగాను. ఆమెన్ రాలేదు.

“చెల్లెమ్మా” అని గుర్తుచేశాను.

“ఇంకా అవలేదుగా అండి” అంది కళ్లు తెరవకుండానే.

“అయిపోయిందమ్మా.”

“రష్యావాళ్లప్పుడు బాంబులేసే చేతులు విరగ్గొట్టమన్నారుగా అండి. ఆ ముక్క రాలేదు.”

“అది వేరమ్మా. ఇదంతా వాక్యంలో ముందే చెప్పబడి...”

“ఆయన ఓడలో పప్పు వండుతాడండి. ఆయన అక్కడ చావాలని కూడా ముందే చెప్పారేంటండి?”

వెనక నుంచి ఒక పెద్దామె మూలిగింది. “నా మోకాళ్లు పోయేట్టున్నాయి. ఆ ముక్కేదో అనేసెయ్యి నాయనా.”

బైబిల్లో ఒక ప్రవక్త పొరుగు రాజ్యాల పాపాలు ఒక్కొక్కటే చదువుతుంటే జనం బాగుంది బాగుంది అని వింటారు. వరసలో తమ పేరు వచ్చేసరికి ఆయన్ని ఊరు విడిచి పొమ్మంటారు. ఈ కథ ఆదివారపు బడిలో పిల్లలకు ఏళ్ల తరబడి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ నన్ను నేను ప్రవక్త పక్కనే నిలబెట్టుకున్నాను.

“ప్రభువా, బాంబులు వేసే చేతులు విరగ్గొట్టు” అన్నాను. దేశం పేరు మాత్రం నోట్లోనే గొణిగాను.

“వినబడలేదండి” అంది ఆమె.

“అమెరికా చేతులు” అన్నాను గట్టిగా. “రష్యా చేతులు కూడా.”

అప్పుడు ఆమె ఆమెన్ అంది. వెంటనే చాలామంది అన్నారు, మోకాళ్ల నొప్పి వాళ్లు మరీ గట్టిగా. వెనక వరసలో ముగ్గురు అనలేదు. ఆ ముగ్గురికీ నా చార్టు జిరాక్సు తీయించి ఇచ్చింది నేనే.

తర్వాతి బుధవారం తెనాలిలో మా బావకు ఇదంతా చెబితే పడీపడీ నవ్వాడు.

“మరి నువ్వూ ఒకసారి రష్యా పేరు అను బావా.”

ఇడ్లీ చల్లారుతోందన్నాడు.

ఓడ ఇంకా కదల్లేదు. మధ్యలో ఒకసారి ఫోను వచ్చిందట, రెండు మాటలకే తెగిపోయిందట. ప్రతి శుక్రవారం ఆమె నాకంటే ముందే వచ్చి మోకరించి ఉంటుంది. నేను రెండు దేశాల పేర్లూ చెప్పి ప్రార్థిస్తాను. ఆమె కళ్లు మూసుకుని వింటుంది. ఒక పేరు దగ్గర నా గొంతు కాస్త తగ్గినా, ఆ రోజు ఆమెన్ ఆలస్యమవుతుంది.