పత్తి చేను నుంచి వచ్చిన జ్వరం

2022, కార్తీక మాసం చివరి రోజులు. జగిత్యాలలో మా పిల్లల ఆసుపత్రి ముందు చెప్పులు విడవడానికి చోటు లేదు. కోరుట్ల, మల్యాల నుంచే కాదు, సిరిసిల్ల నుంచి కూడా పిల్లల్ని చంకనేసుకుని వచ్చేవారు. అందరికీ జ్వరమే, అందరి నోటా ఒకటే పాట: "మేడం, ప్లేట్‌లెట్లు ఎన్నున్నయి?" ప్లేట్‌లెట్ అంటే రక్తం గడ్డకట్టడానికి సాయపడే చిన్న కణం. డెంగ్యూ సీజన్లో మాత్రం జనం దాన్ని పత్తి ధర అడిగినట్టు పొద్దునెంత, సాయంత్రమెంత అని అడుగుతారు. రసం తీస్తామని కోసుకుపోతే మా ఆసుపత్రి వెనక బొప్పాయి చెట్టుకు ఒక్క ఆకు మిగల్లేదు.

నేను సిరిసిల్లలో పుట్టినదాన్ని. మా నాన్న సాంచాలు, అంటే పవర్‌లూమ్‌లు, నడిపేవారు. ఆ చప్పుడులో పెరిగినందువల్ల గొంతు తగ్గించి మాట్లాడటం నాకు చేతకాదు. కోపం కూడా కొంచెం ఎక్కువే. అయినా తల్లులు నా దగ్గరికే వస్తారు.

ఆ రోజు పొద్దున సుజాత అనే అమ్మాయి తన కూతురు అక్షితను రగ్గులో చుట్టుకుని తెచ్చింది. మల్యాల దగ్గరి కూలి కుటుంబం. భర్త మస్కట్‌లో ఉంటాడు. వెంట మరిది తిరుపతి వచ్చాడు. పిల్లకు నాలుగేళ్లు ఇంకా నిండలేదు. ఊళ్లో సెలైన్ ఎక్కించారు, ఇంజెక్షన్లు వేశారు. డెంగ్యూ టెస్టు నెగెటివ్ వచ్చినా, ప్లేట్‌లెట్లు తగ్గాయి కాబట్టి డెంగ్యూనే అన్నారు.

"బండి మాట్లాడి పెట్టినం మేడం. హైదరాబాద్‌కు రాసియ్యుండ్రి. ఆడ ప్లేట్‌లెట్లు ఎక్కిపిస్తం" అన్నాడు తిరుపతి, కూర్చోకుండానే.

"ముందు గా రగ్గు తియ్యిండ్రి. పిల్లను ఉడకబెడుతున్నరా?" అన్నాను.

రగ్గు తీసి చూస్తే పిల్ల బాగా మగతగా ఉంది. కనురెప్ప లోపల ఎరుపే లేదు. ఎడమ పక్కటెముకల కింద చెయ్యి పెడితే గట్టిగా తగిలింది. అది వాచిన స్ప్లీన్, అంటే ప్లీహం. పాతకాలం వాళ్లు కడుపులో బల్ల అనేది దీన్నే.

"చలి పెడ్తదా పిల్లకు?"

"దుప్పట్లు కప్పినా పండ్లు కొట్టుకుంటయి మేడం. అటెనుక చెమటలు కారుతయి" అంది సుజాత.

నా మనసులో డెంగ్యూ పక్కకు జరిగింది. ప్లేట్‌లెట్లు మలేరియాలో కూడా పడిపోతాయి. మా పట్నంలో మలేరియా తగ్గిపోయింది కాబట్టి దాని పేరు ఎవరికీ గుర్తు రాదు. మరి ఈ పిల్లకు ఎక్కడ అంటింది? అప్పుడు సుజాత వేళ్లు చూశాను. గోళ్ల పక్కన చర్మమంతా గీరుకుపోయి ఉంది. ఎండిన పత్తికాయ డొప్పలు గీరితే వేళ్లు అలాగే అవుతాయి.

"పత్తి ఏరినవా?"

"ఏరిన మేడం."

"ఏడ?"

"మన దిక్కు గాదు. గోదారి అవుతల, అడివి దిక్కు. కూలీల ముఠాతోని పోయినం. మొన్ననే అచ్చినం."

"ఏడ పండుకున్నరు?"

"చేన్లనే, కవర్ల గుడిసెలు ఏస్కొని."

"దోమతెర ఉండెనా?"

"దోమతెర ఏడిది మేడం!" అని ఆ బాధలోనూ నవ్వింది.

అక్కడ పిల్లకు జ్వరం రాలేదా అని అడిగితే మాత్రం తల దించుకుంది. "అచ్చింది. ఆడి దవాఖాన అక్క వేలుకు సూది గుచ్చి సూసి గోలీలు ఇచ్చింది. ఒక్కనాడు ఏసిన, జరం ఇడిసింది. మిగిలినయి మా పెద్దోనికి ఏసిన. ఆనికి గూడ ఒళ్లు కాలవట్టె."

ఉన్న రొట్టెను ఇద్దరికీ తుంచి పెట్టినట్టు మాత్రలు కూడా పంచింది తల్లి. ముఠాలతో పోయే వాళ్లలో ఈ అలవాటు నేను చాలా చూశాను. మలేరియా మాత్రలు మొదలుపెడితే జ్వరం తొందరగానే తగ్గుతుంది. కానీ రక్తంలో పురుగు పూర్తిగా చావదు. కోర్సు మధ్యలో ఆపితే మిగిలిన పురుగు మళ్లీ పెరుగుతుంది.

"మేడం, ఇంకో టెస్టు అంటే లేటయితది. మా అన్న ఫోన్ల మీద ఫోన్లు జేస్తుండు" అని తిరుపతి పిల్లను ఎత్తుకోబోయాడు.

నేను తలుపుకు అడ్డంగా నిలబడ్డాను. "తమ్మీ, తొవ్వల పిల్లకు ఫిట్స్ వస్తే బండిల ఏం జేస్తవ్? పావుగంట ఆగు. సుజాతా, నీ బిడ్డ. నువ్వు జెప్పు."

ఆమె మరిది వైపు చూడలేదు. "ఈడనే ఉంచుత మేడం" అంది.

ర్యాపిడ్ కిట్ అంటే చిన్న ప్లాస్టిక్ కార్డు. వేలి చివరి నుంచి రక్తపు చుక్క వేసి కాసేపు ఆగితే మలేరియా ఉందో లేదో గీతలు చెబుతాయి. మా సిస్టర్ సునీత చుక్క వేసిందో లేదో, పిల్ల కళ్లు పైకి తిరిగాయి, చేతులు కొట్టుకోవడం మొదలైంది. తిరుపతి గోడకు ఆనుకుపోయాడు. ముదిరిన మలేరియా చిన్నపిల్లల ఒంట్లో చక్కెరను తినేస్తుంది. వెంటనే షుగర్ చూస్తే చాలా తక్కువ ఉంది. నరంలోకి గ్లూకోజ్ ఎక్కించాం. కాసేపటికి చేతులు సద్దుమణిగాయి. ఇటు తిరిగి చూస్తే కార్డు మీద రెండో గీత, ఫాల్సిపారం. మలేరియాల్లో ప్రాణం తీసే రకం.

దానికి ఆర్టిసునేట్ అనే ఇంజెక్షన్ ఉంది. మా దగ్గర దాన్ని అడిగేవాళ్లు ఉండరు. అయినా నేను ఏటా తెప్పించి అల్మారాలో పెట్టుకుంటాను. కాలం చెల్లి పారేసినప్పుడల్లా సునీత, "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అని నన్ను ఆటపట్టించేది. ఆ రోజు మాత్రం పరుగెత్తి తెచ్చింది.

మందు పడ్డాక తిరుపతితో, "ఇప్పుడు తీస్కపోతనంటే ఆపను" అన్నాను. అతను బయటికి వెళ్లి బండిని పంపించేసి వచ్చాడు.

మర్నాడు అక్షిత కళ్లు తెరిచి నన్ను ఎగాదిగా చూసి, "నువ్వెవలు?" అంది.

"నీకు సూదులేసిన రాచ్చసిని."

"నా చెయ్యి ఇడువు" అని గద్దించింది. నాకు కళ్ల నీళ్లు వచ్చాయి. ఆ గద్దింపు కంటే పెద్ద బిరుదు నాకు ఎవరూ ఇవ్వలేదు. దాచను, ఆ రోజు ఆసుపత్రిలో ఛాతీ విరుచుకునే తిరిగాను.

పెద్దవాణ్ని కూడా పిలిపించి చూస్తే వాడికీ మలేరియానే. వాడికి సూది అక్కర్లేకుండా మాత్రల పూర్తి కోర్సే సరిపోయింది. కానీ సుజాతకు మాత్రం ఉత్త మాట సరిపోదనిపించింది. ల్యాబ్‌కు తీసుకెళ్లి, మొదటి రోజు తీసి ఉంచిన అక్షిత రక్తపు స్లైడును మైక్రోస్కోప్ కింద చూపించాను.

"ఎర్రకణంల ఉంగరం లెక్క కనవడుతున్నదా? అదే."

చాలాసేపు చూసింది. "గింత దాన్ని సంపనీకి అన్ని గోలీలు గావాల్నా మేడం?"

"ఇది ఒక్కటి గాదు. నువ్వేసిన గోలీలకు కొన్ని సచ్చినయి. మిగిలినయి మల్ల పిల్లలు వెట్టినయి."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అయితే నేను సగం సంపి సగం సాదుకున్ననా?" అంది. సాదుకోవడమంటే పెంచుకోవడం. ఇన్నేళ్లలో నేను ఏ తల్లికీ ఇంత బాగా చెప్పలేకపోయాను.

మరుసటి ఏడు పత్తి కాలంలో నాకు ఫోన్ వచ్చింది. గాలి హోరులో సుజాత గొంతు. మళ్లీ గోదావరి అవతలి చేలకే పోయింది, కానీ ఈసారి పిల్లల్ని దోమతెరలో పడుకోబెడుతోందట.

"మేడం, మా పక్క గుడిసె పిల్లగానికి చలిజరం. దవాఖానకు నేనే తీస్కపోయిన. గీత పడ్డది. జరం తగ్గంగనే ఆళ్లమ్మ మిగిలిన గోలీలు మూట గట్టి దాసింది. కొట్లాడి గుంజుకున్న. ఆఖరి గోలి దాక నా చేతులతోనే ఏసిన. ఇగ ఆడుకుంటున్నడు."

జ్వరంతో వచ్చిన పిల్లను చూసేటప్పుడు తల్లి ఎక్కడ పనిచేసి వచ్చిందో అడగాలని ఆ కేసు నాకు మరోసారి గుర్తుచేసింది. అంతకంటే పెద్ద పాఠం ఆ ఫోన్‌తో వచ్చింది. మందు ఎందుకు వాడాలో తల్లి కళ్లారా చూస్తే, మేము చేరలేని చేలదాకా ఆ వైద్యాన్ని ఆమే మోసుకుపోతుంది. అక్షితను నేను బతికించాను, అది నా గర్వం. గోదావరి అవతలి పిల్లవాడి పేరు కూడా నాకు తెలియదు. వాణ్ని బతికించింది మా సుజాత.