యేసురత్నం సార్, స్కోపులో గీతలు

మునగాల దాటాక రోడ్డు తిన్నగా సాగుతుంది. మే నెల ఎండవేళ బస్సులో ముందు సీట్లో కూర్చుంటే, దూరంగా తారు మీద నీళ్లు నిలిచినట్టు కనిపిస్తుంది. ఎదురొచ్చే లారీ చక్రాలు ఆ లేని నీళ్లలో వణుకుతుంటాయి. మా ఇల్లు సూర్యాపేటలో, ఉద్యోగం కోదాడ వ్యవసాయశాఖ ఆఫీసులో. కాబట్టి ఎండాకాలమంతా నాకిది రోజూ చూసే దృశ్యమే. అయినా చూసిన ప్రతిసారీ నా కుడి కన్ను దానంతటదే చిన్నదవుతుంది, ఊపిరి సగంలో ఆగుతుంది. ఆ వెంటనే యేసురత్నం సార్ గుర్తొస్తారు.

ఆయనది మాడుగులపల్లి. సైన్యంలో హవల్దారుగా పనిచేసి, కొత్తగా చేరిన జవాన్లకు తుపాకీ కాల్చడం నేర్పి, రిటైరయ్యాక మిర్యాలగూడలో ఒక బ్యాంకు తలుపు దగ్గర తుపాకీతో కాపలా ఉండేవారు. మునగాల అవతల పాత రాళ్ల క్వారీలో ఒక చిన్న రైఫిల్ క్లబ్బు ఉండేది. ప్రతి ఆదివారం చర్చిలో ప్రార్థన ముగిశాక ఆయన బైకు మీద అక్కడికి వచ్చి మాకు నేర్పేవారు. వచ్చేసరికి పన్నెండు దాటేది. దేన్నీ ఊరికే నమ్మే మనిషి కాదు. లక్ష్యం దూరం మూడు వందల మీటర్లని క్లబ్బువాళ్లు బోర్డు రాసి పెట్టినా, మొదటి రోజే టేపు పట్టుకుని తానే కొలిచారట. తూటాల డబ్బా మీద రాసింది నమ్మరు, గాలి ఎటు వీస్తోందో చెప్పే జెండాను నమ్మరు. పిడికెడు మట్టి తీసి పైనుంచి వదిలి చూస్తారు. నేను ఆ క్లబ్బులో చేరినప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. ఆయన అనుమానాలన్నీ మొదట్లో నాకు చాదస్తంగా కనిపించేవి.

రెండో ఏడు రాష్ట్ర పోటీకి మా క్లబ్బు నుంచి ఒక్క మహిళను పంపాలన్నారు. ఉన్నది ఇద్దరమే. నేను, సార్ మేనకోడలు రూతు. రూతు నేరేడుచర్లలో టీచరు. తక్కువ మాట్లాడే మనిషి. నేను వాడేది క్లబ్బు రైఫిలే అయినా, దాని మీద ఏ స్కోపు బిగించుకోవాలో ఎంచుకునే వీలుంది. స్కోపులోంచి చూసినప్పుడు లక్ష్యం మీద కనిపించే గీతలను రెటికిల్ అంటారు. క్లబ్బు బీరువాలో రెండు రకాలవి ఉండేవి. ఒకదానిలో సన్నటి అడ్డగీత, నిలువుగీత, మధ్యలో చిన్న చుక్క, అంతే. రెండోదానిలో మధ్య నుంచి కిందికి మెట్లు మెట్లుగా చుక్కలు, పక్కలకు అంకెలు. గాలికి ఎన్ని చుక్కలు పక్కకు జరగాలో చూసుకుని కాల్చొచ్చు. ఫోన్‌లో నేను చూసే వీడియోల్లో పెద్ద షూటర్లందరూ రెండోదాన్నే పొగిడేవారు. నేను దానికోసమే చెయ్యి చాపాను. సార్ నా చేతిలోంచి తీసుకుని మళ్లీ బీరువాలో పెట్టేశారు.

"గిన్ని గీతలు నీకెందుకు బిడ్డా? దూరం మారేదుందా? గాలికి స్కోపు మీది నాబ్ తిప్పుకుంటె సాలు. గీతలు ఎక్కువుంటె కన్ను వాటి సుట్టే తిరుగుతది" అన్నారు.

సరేనన్నాను. రెండు వారాల తరవాత ఒక శనివారం పనుండి క్లబ్బుకు వెళితే, ఆయన రూతును పక్కన పెట్టుకుని నేర్పుతున్నారు. వాళ్లు నీళ్లు తాగడానికి లేచినప్పుడు నేను వంగి ఆమె స్కోపులోంచి చూశాను. లోపల చుక్కల మెట్లు, అంకెలు. నాకు వద్దన్న రెటికిలే.

ఆ రోజు ఇంటికొచ్చి నాన్నకు చెప్పాను. ఆయన అన్నం కలుపుతూ తల కూడా ఎత్తలేదు. "సొంత మేనకోడలు పోటీల ఉండంగ నిన్నెందుకు ముందుకు తెస్తడు? జర ఆలోచన చెయ్" అన్నారు. ఆ మాట నాలో ఎక్కడో అప్పటికే ఉంది. నాన్న దాన్ని పైకి అన్నారంతే. ఆ తరవాత సార్ చేసే ప్రతి పనికీ రెండో అర్థం కనిపించడం మొదలైంది. రూతుకు శనివారం ఎందుకు? నాకు ఎండ నడినెత్తికొచ్చాక ఎందుకు? (శనివారం రూతు బడికి సెలవని, ఆదివారం ప్రార్థన వదిలి ఆయన రాలేరని నాకు తెలుసు. తెలిసీ లెక్కలోకి తీసుకోలేదు.) నన్ను మెచ్చుకుంటే మోసపుచ్చుతున్నారనుకున్నాను, తప్పు పడితే ధైర్యం చెడగొడుతున్నారనుకున్నాను. చివరికి క్లబ్బు సెక్రటరీ దగ్గరికి వెళ్లి నా అనుమానం చెప్పేశాను. ఆయన రెండు పనులు చేశారు. చుక్కల స్కోపు తీసి నాకిచ్చారు. ఎంపిక రోజున సార్ న్యాయనిర్ణేతగా ఉండకూడదన్నారు. ఎవరు చెప్పారో సార్‌కు తెలియదనే అనుకున్నాను.

కొత్త స్కోపుతో నేను పొద్దున్నే ఆఫీసుకు ముందు వెళ్లి సాధన చేశాను. చల్లటి వేళ, జూమ్ పూర్తిగా పెంచితే ఎక్కడ పెడితే అక్కడే తూటా దిగేది. పక్కగాలికి రెండు చుక్కలు జరిగితే చాలని లెక్క కుదిరింది. సార్ నన్ను ఎంత వెనక్కి లాగి ఉంచారో అనిపించింది.

ఎంపిక పోటీ మధ్యాహ్నం జరిగింది. సార్ బయట రేకుల షెడ్డు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. నేను పడుకుని స్కోపులో చూస్తే లక్ష్యం నీళ్లలో ఉన్నట్టు అల్లాడుతోంది. క్వారీ రాళ్ల మీంచి లేచే వేడి అది. జూమ్ సగానికి తగ్గించాను, బొమ్మ నిలకడగా వచ్చింది. గాలికి రెండు చుక్కలు జరిగి, పది తూటాలూ ప్రశాంతంగా కాల్చాను. తరవాత లక్ష్యం అట్ట తెచ్చారు. పది రంధ్రాలూ ఒకే గుత్తిగా ఉన్నాయి. కానీ నల్లటి వలయం దాటి, కుడివైపు తెల్లటి అంచులో. రూతు గెలిచింది. నాకు మొదట వచ్చిన ఆలోచన, నా అట్ట ఎవరో మార్చారని.

మరుసటి ఆదివారం ఆ స్కోపు తీసుకుని రమ్మని సార్ కబురు పంపారు. వెళ్లేసరికి వంద మీటర్ల దూరంలో ఒక చెక్క పలక నిలబెట్టి ఉంది. దాని మీద పది సెంటీమీటర్లకొకటి చొప్పున నల్లరంగుతో నిలువుగీతలు. జూమ్ పూర్తిగా పెట్టి లెక్కపెట్టమన్నారు. ఒక్కో చుక్క మధ్య ఎడం పలక మీది ఒక్కో ఎడంతో అచ్చంగా సరిపోయింది. సగానికి తగ్గించమన్నారు. ఇప్పుడు చుక్కకూ చుక్కకూ మధ్య పలక మీది ఎడాలు రెండు పట్టాయి. ఆ స్కోపులో జూమ్ తగ్గిస్తే లక్ష్యం చిన్నదవుతుంది, గీతలు మాత్రం అలాగే ఉంటాయి. రెండు చుక్కలనుకుని ఆ రోజు నేను నాలుగు చుక్కల దూరం జరిగాను.

"మరి రూతు..." అన్నాను. ఆయన సంచిలోంచి రూతు స్కోపు తీసి నా చేతిలో పెట్టారు. జూమ్ తిప్పే రింగు చుట్టూ నల్లటి కరెంటు టేపు, కదలకుండా నాలుగు చుట్లు. ఆ స్కోపు ఆమెకు అన్న కొనిచ్చినదట. మార్చుకొమ్మంటే అన్న నొచ్చుకుంటాడని ఒప్పుకోలేదట. అందుకని ఆయన రింగును పూర్తి జూమ్ దగ్గర బిగించి, ఎండలో లక్ష్యం అల్లాడితే నిమ్మళించేదాకా కాల్చకుండా ఆగడం నేర్పారు. ఆ శనివారం నేను లోపలి గీతలు చూశాను. పైన ఉన్న టేపు చూడలేదు.

"మనిషిని అనుమానించినవ్. స్కోపు గ్లాసును అనుమానించలే. రెండిట్ల ఏదన్న కొలిసి సూసినవా? నన్ను ఒక్క మాట అడిగితె సెప్పకపోదునా?" అన్నారు. గొంతు పెంచలేదు. సెక్రటరీ దగ్గరికి వెళ్లింది నేనేనని ఆయనకు మొదటి నుంచీ తెలుసని అప్పుడు అర్థమైంది.

ఆ సాయంత్రమే సెక్రటరీ ఇంటికి వెళ్లి, నా మాట తప్పని, సార్‌ను మళ్లీ న్యాయనిర్ణేతగా పెట్టమని చెప్పాను. సెక్రటరీ బతిమాలినా సార్ ఒప్పుకోలేదట. నాకు నేర్పడం మాత్రం మానలేదు. సన్నటి గీతల స్కోపు బిగించి, నాబ్ ఎన్ని టిక్కులు తిప్పితే తూటా ఎంత జరుగుతుందో పలక మీద కొలిపించి, నా చేతే నోటుబుక్కులో రాయించారు. మూడో ఏడు రాష్ట్ర పోటీకి వెళ్లాను, ఆ తరవాతా వెళ్లాను. కానీ అన్నేళ్లలో ఒక్కసారీ ఆయన ముందు నిలబడి క్షమించమని అడగలేదు. సెక్రటరీతో చెప్పాను కదా, తెలిసే ఉంటుంది కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఇప్పుడాయన మిర్యాలగూడలో కూతురి దగ్గర ఉంటున్నారు. మోకాళ్లు పట్టేసి బైకు మానేశారు. ఈ మధ్య వెళ్లినప్పుడు, చాయ్ తాగి లేవబోతూ, ఎందుకో మళ్లీ కూర్చుని అడిగేశాను. నా మీద ఇంకా కోపం ఉందా సార్, అని.

"నువ్వు అడుగుతవేమోనని ఏడేండ్ల సంది సూస్తున్న" అన్నారు.

కూతురిని పిలిచి నాకు ఇంకో కప్పు చాయ్ పొయ్యమన్నారు. మనుషుల మీద అనుమానం రావడం నాకు ఇప్పటికీ ఆగలేదు, ఆఫీసులోనూ వస్తుంది, ఇంట్లోనూ వస్తుంది. వచ్చిన రోజునే వెళ్లి ఆ మనిషిని ఎదురుగా అడుగుతాను. కొన్నిసార్లు నా అనుమానమే నిజమవుతుంది, కొన్నిసార్లు తల దించుకుని వస్తాను. ఆయనను మాత్రం ఏడేళ్లు ఎదురుచూడనిచ్చాను.