చిటికెడు, పిడికెడు

ఆదోని డాక్టరుగారు పోయారని నిన్న పొద్దున ఎమ్మిగనూరు బస్టాండులో తెలిసింది. టీ కొట్టాయన గ్లాసు చేతికిస్తూ, "మీ పాటల డాక్టరు పోయినాడంట కదమ్మా" అన్నాడు. గ్లాసు అట్లాగే బల్ల మీద పెట్టేశాను. ఆయన దగ్గర నర్సుగా చేసినన్నాళ్లూ నేను సణుక్కోని రోజు లేదు. ఇప్పుడు ఎవరి మీద సణగాలి?

అంత పెద్ద చదువు చదివిన మనిషి బుర్రకథ వాళ్లను వెంటేసుకుని పల్లెలు పట్టుకు తిరిగేవారు. జీపులో మందులపెట్టె, వాళ్లు వాయించే గుమ్మెటలు, ఆయన నమలడానికి బొరుగుల పొట్లం. "చీటీ రాసిస్తే పారేసుకుంటారమ్మా, పాటయితే నోట్లోనే ఉంటాది" అనేవారు. కొన్నాళ్లకు మళ్లీ అదే ఊరికి పోయి, ఆడవాళ్లచేత ఆ పాట పాడించుకుని వినేవారు. ఏ మాట నిలిచింది, ఏ మాట జారిపోయింది అని చూడటమే ఆయన పరిశోధన. ఇదేం వైద్యమో అని నాకు ఒళ్లు మండేది.

అప్పట్లో మా వైపు బిడ్డకు బేదులు పట్టుకుంటే నీళ్లు ఆపేసేవారు. తాగిస్తే ఇంకా పారుతుందని భయం. అందుకని ఏ నీళ్లు కలిపి తాపాలో ఆయనే పాట కట్టారు: చెంబు నీళ్లలో పిడికెడు చక్కెర, చిటికెడు ఉప్పు.

పత్తి తీసే రోజుల్లో ఒక మధ్యాహ్నం, గోనెగండ్ల దగ్గరి పల్లెలో ఒక అవ్వ జొన్నలు చెరుగుతూ ఆ పాటే పాడుతోంది. సార్ మురిసిపోయి ఆగారు. అంతలోనే ఆయన మొహం పాలిపోయింది. ఆమె నోట అది "చిటికెడు చక్కెర, పిడికెడు ఉప్పు" అయింది. చ పక్కన చ పడితే నోటికి హాయి కదా! కానీ అంత ఉప్పు పసిబిడ్డ ప్రాణం తీస్తుంది.

"ఈ నీళ్లు ఎవరికన్నా తాపినారా అవ్వా?"

"మా మనవడికి బేదులప్పా. కోడలు ఇప్పుడే కలిపింది."

సార్ చెప్పులతోనే లోపలికి ఉరికారు. బిడ్డ నోటి దగ్గరున్న గ్లాసు లాక్కుని, "ఎంత పోసినావు తల్లీ?" అన్నారు.

"ఒగ గుక్క సార్, ఉమ్మేసినాడు. మీ పాటలో సెప్పినట్టే కలిపినా" అంది కోడలు.

బిడ్డ కళ్లు గుంటలు పడి ఉన్నాయి. నేను కొత్తగా నీళ్లు కలిపిస్తే ఆయన వాణ్ణి ఒళ్లో వేసుకుని చెంచాతో పోస్తూ కూర్చున్నారు. పొద్దు వాలుతుండగా వాడు ఆయన పంట్లాం తడిపాడు. ఒంట్లో నీరు నిలిచిందన్నమాట. అవ్వ నవ్వింది, నేను ఏడ్చాను. ఆయన మాత్రం, "ఇంగ ఎన్ని ఊళ్లలో ఇట్ల పాడుతాండారో" అన్నారు.

చెంచా పక్కన పెట్టి, "పాటలో చక్కెర తీసేద్దాం. పిడికెడు బెల్లం అందాం. చిటికెడు బెల్లమనేకి నోరు తిరగదు" అన్నారు.

జీపు అప్పటికే బుర్రకథ వాళ్లతో ఆదోని వెళ్లిపోయింది. పత్తి లారీ ఆపి, మూటల మీదికెక్కి కూర్చున్నాం. చేలనుంచి ఇళ్లకు పోతున్న ఆడవాళ్లు దారంతా కనిపిస్తున్నారు. ఆయన లేచి నిలబడి కొత్త మాటలు అందుకున్నారు. ఆయనకు రాగమూ లేదు, తాళమూ లేదు. ఎలక్షన్ల లారీ అనుకుని వాళ్లు నవ్వారు.

"నవ్వుతాండారు సార్, కూసోండి."

"నవ్వనీలేమ్మా. విన్నారా లేదా?"

పడిపోతారని ఆయన చొక్కా పట్టుకున్నాను. కొంత దూరం పోయేసరికి ఆయన గొంతు పూర్తిగా పోయింది. అయినా దుమ్ములో ఆడవాళ్ల గుంపు కనబడితే చాలు, ఒక చేత్తో పిడికిలి, ఇంకో చేత్తో చిటికె పైకెత్తి, బెల్లం, ఉప్పు అని పెదాలు కదుపుతూనే ఉన్నారు.